మందుల దుకాణములోని పాఠ్యపుస్తకము

అమెరికాలోని టెనెసీ రాష్ట్రమున డేటన్ అను చిన్న పట్టణము కలదు. 1925 మే నెలలో అచటి మందుల దుకాణమున పెద్దలు కొందరు కూర్చుండి, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు జాన్ స్కోప్స్‌కు కబురంపిరి. అతనికి 24 ఏండ్లు. జీవశాస్త్రమునకు స్థిరోపాధ్యాయుడు కాడు; ఆటలు నేర్పువాడు, ఆ తరగతికి కొన్నాళ్లు బదులు వెళ్లినవాడు. పరిణామవాదమును విడిచి జీవశాస్త్రము చెప్పుట సాధ్యమా యని వారడుగగా, కాదని చెప్పి, ఆ దుకాణపు అరలోనుండియే హంటర్ వ్రాసిన జీవశాస్త్ర గ్రంథమును తీసి చూపెను. దుకాణదారుడు పాఠ్యపుస్తకములు కూడ అమ్మెడివాడు. ఆ పుస్తకము రాష్ట్రప్రభుత్వము నిర్ణయించినదే, పరిణామవాదము అందున్నది. మానవుడు తక్కువ జాతి జంతువులనుండి పుట్టెనని బోధించుట నేరమని అదే ప్రభుత్వము ఆ మార్చిలో బట్లర్ శాసనము చేసెను. పుస్తకము చెప్పుమనును, చట్టము వలదనును. నడుమ నున్నవాడు బడిపంతులు!

ఆ శాసనమును పరీక్షింపగోరు ఉపాధ్యాయునికి తోడ్పడెదమని ఒక పౌరహక్కుల సంఘము ప్రకటించియుండెను. వ్యాజ్యము తమ యూరనే నడచిన ఊరికి పేరు వచ్చునని పెద్దల ఆశ. పేరు వచ్చిన మాట నిజమే.

జూలైలో విచారణ జరిగెను. మూడుమారులు అధ్యక్షపదవికి పోటీచేసిన బ్రయాన్ శాసనపక్షమునను, ప్రసిద్ధ న్యాయవాది డారో స్కోప్స్ పక్షమునను నిలిచిరి. ఈ కథ 1955లో నాటకమై, 1960లో చలనచిత్రమై, అందు బ్రయాన్ హాస్యపాత్రుడాయెను. అది సగము న్యాయమే. బలవంతులు బలహీనులను అణచుటకు డార్విన్ పేరు అక్కరకు వచ్చునని ఆయన భయపడెను. హంటర్ పుస్తకమున మానవజాతులకు హెచ్చుతగ్గులు కట్టిన పుటలును లేకపోలేదు. అట్టి పుటలకు సమాధానము శాస్త్రజ్ఞులే చెప్పవలెను. కాని శాస్త్రజ్ఞుల సాక్ష్యమును జ్యూరీ విననే లేదు. 9 నిమిషములలో నేరము నిర్ణయమైనది. జరిమానా 100 డాలర్లు. 50 డాలర్లకు మించిన జరిమానాను జ్యూరీయే విధింపవలెనను సాంకేతిక కారణమున 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పును కొట్టివేసెను. శాసనము మాత్రము 1967 వరకు నిలిచెను.

కోర్టులో జరిగినదానికంటె అచ్చుకూటములో జరిగినది పెద్ద నష్టము. 1926లో వెలువడిన హంటర్ గ్రంథపు నూతన ముద్రణలో ‘పరిణామము’ అను మాటయే లేదు. ఇట్టి పుస్తకములతో చదివిన పిల్లలకు తమకేమి చెప్పలేదో కూడ తెలియదు. 1957లో సోవియట్ ఉపగ్రహము ఆకాశమున తిరిగిన తరువాత గాని అమెరికా తన శాస్త్రపాఠములను మరల తెరచి చూడలేదు.

1965లో ఆర్కాన్సా రాష్ట్రపు లిటిల్ రాక్ నగరమున సుసాన్ ఎపర్సన్ అను జీవశాస్త్రోపాధ్యాయిని చేతికి క్రొత్త పుస్తకము వచ్చెను. అందు మానవుని పరిణామమును గూర్చిన అధ్యాయము కలదు. చెప్పినచో 1928 నాటి రాష్ట్రశాసనము ప్రకారము నేరము, ఉద్యోగచ్యుతి. ఆమె కోర్టుకెక్కెను. 1968 నవంబరు 12న అమెరికా సుప్రీంకోర్టు ఆ శాసనమును రద్దుచేసెను. ఆ నలువది ఏండ్లలో దానిక్రింద ఒక్క అభియోగమైనను నడచిన జాడ లేదని తీర్పులో వ్రాసిరి. ఎట్లు నడచును? 1965కు పూర్వము ఆ పాఠశాలలో వాడిన పుస్తకమున డార్విన్ సిద్ధాంతమునకు చోటే లేదు.