మాట రాకనా, అందకనా?

చిత్తూరులో ఒక తల్లి రెండేళ్లు నిండబోతున్న తన కొడుకును వెంటబెట్టుకుని ఇటీవల మా ఇంటికి వచ్చారు. "హజ్రత్, వీడికి తెలుగు మాటలు నాలుగైదు కూడా రావడం లేదు. ఇంట్లో ఉర్దూ మానేస్తే గానీ బాగుపడడని తెలిసినవాళ్లంతా అంటున్నారు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

ఇంతలో పిల్లవాడు వాకిట్లో పిల్లిని చూసి "బిల్లీ" అన్నాడు. అది గోడ దూకి వెళ్లిపోయింది. "ఏం వచ్చింది బేటా?" అని మేము అడిగితే బిక్కమొహం వేశాడు. వేలు పెట్టి గోడను చూపించగానే మళ్లీ "బిల్లీ" అన్నాడు.

మాట నేర్చుకోవడం ఒకటి, కావలసిన వేళ దాన్ని గుర్తుకు తెచ్చుకోవడం మరొకటి. ఈ తేడా తెలియక మనం పసివారిని తొందరపెడుతుంటాం. ఆరు నుంచి తొమ్మిది నెలల శిశువులకే కొన్ని తినే వస్తువుల పేర్లు, శరీర భాగాల పేర్లు అర్థమవుతాయని 2012లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. ఆ మాటలు నోట పలకడానికి ఏడాది వయసు రావాలి.

పద్నాలుగు నుంచి ఇరవై నాలుగు నెలల పిల్లలపై జరిగిన మరో పరిశోధన 2000లో వెలువడింది. వస్తువు కళ్లెదుట ఉంటే దాని పేరు చెప్పగలిగిన పిల్లలే, దాన్ని పెట్టెలో దాచాక చెప్పలేకపోయారు. మాటలు తక్కువగా వచ్చినవారిలో ఇది ఎక్కువ. పెట్టె మీద బొమ్మ ఉంచితే పేరు సులువుగా గుర్తుకొచ్చింది. మా వాకిట్లో గోడ చేసిన పని అదే.

మాటలు ఒక్కసారిగా పెరిగే రోజుల్లో పిల్లలు తెలిసిన వస్తువునే వేరే పేరుతో పిలుస్తారు. నేర్చినది మరచిపోతున్నారని పెద్దలు కంగారుపడతారు. కొత్త సరుకు దిగిన రోజు దుకాణదారు కూడా అడిగిన వస్తువు కోసం తడుముకుంటాడు కదా! ఈ పొరపాట్లు కొంతకాలానికి తగ్గుతాయని 1997 నాటి పరిశోధన తెలిపింది.

ఇక రెండు భాషల సంగతి. మన ఇళ్లలో "దూధ్", "రోటీ" నానీ నేర్పితే, "బంతి", "బస్సు" వీధి నేర్పుతుంది. తెలుగు మాటలు మాత్రమే లెక్కించడం ఒక జేబు తడిమి చేతిలో డబ్బే లేదనడం వంటిది. మయామీ నగరంలో స్పానిష్, ఇంగ్లీషు వింటూ పెరిగే పసివారి మాటలను రెండు భాషల్లోనూ కలిపి లెక్కిస్తే, వారు ఏకభాషా పిల్లలకు తీసిపోలేదని 1993లో తేలింది.

ఈ విషయం తెలియక మేమూ ఒకప్పుడు పొరపాటు చేశాం. తిరుపతిలో ఉన్న రోజుల్లో ఒక తండ్రికి "ఇంట్లో తెలుగే మాట్లాడండి" అని సలహా ఇచ్చాం. ఆ ఇంట్లో నానీకి ఉర్దూ తప్ప మరో భాష రాదు. మనవరాలికి రోజూ కథలు చెప్పే ఆమె మౌనంగా ఉండిపోయారు. పాపకు తెలుగు తొందరగా రాలేదు సరికదా, నానీ మాట కూడా దూరమైంది. ఆ బాధ మాకు ఇప్పటికీ ఉంది.

కనుక తల్లిదండ్రులు తమకు బాగా వచ్చిన భాషలోనే పిల్లలతో ధారాళంగా మాట్లాడాలి. "ఇదేంటి? అదేంటి?" అని పరీక్షలు పెట్టకుండా, వంట చేస్తూ, స్నానం చేయిస్తూ కబుర్లు చెప్పాలి. అడిగిన తర్వాత జవాబు కోసం కాస్త ఆగాలి.

అయితే అశ్రద్ధ కూడా తగదు. పిలిచినా పలకకపోతే, పదహారు నెలలకు ఏ భాషలోనూ ఒక్క మాటైనా రాకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలపలేకపోతే, వచ్చిన మాటలు పూర్తిగా ఆగిపోతే వెంటనే వైద్యునికి చూపించి వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో ఈ లోపాలను ఉచితంగా పరిశీలిస్తారు.

ఆ తల్లితో మేము చెప్పింది ఇంతే: "వినికిడి పరీక్ష చేయించండి అమ్మా. ఉర్దూ మాత్రం మానకండి. ఈ రాత్రి కూడా నానీనే కథ చెప్పమనండి."