ఆరున్నర అంగుళాల సరిహద్దు

ఆస్ట్రేలియా అనగానే మన హాస్టలు మిత్రులకు గుర్తొచ్చేవి రెండే: క్రికెట్టు, కంగారూ. నాకు మాత్రం ఆల్బరీ గుర్తొస్తుంది. ఆ ఊరు చూసినవాణ్ణి కాను, లైబ్రరీలో కూర్చుని చదివినవాణ్ణి. తుంగభద్ర దిగువ కాలువ చివరి భూముల్లో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టాను గనక, ఏటి మీద సరిహద్దు గీసిన ఊరు ఎక్కడ కనిపించినా నా కన్ను అక్కడే నిలబడిపోతుంది.

మర్రే నదికి ఉత్తరపు ఒడ్డున ఆల్బరీ, దక్షిణపు ఒడ్డున వొడోంగా. మొదటిది న్యూ సౌత్ వేల్స్‌లో ఉంది, రెండోది విక్టోరియాలో. రెండింటి జనాభా కలిపినా 2021 లెక్కల్లో లక్షకు కొంచెం తక్కువే. 1824 నవంబరులో హ్యూమ్, హోవెల్ అనే ఇద్దరు ఇక్కడ నది ఒడ్డుకు చేరారని పుస్తకాలు గొప్పగా రాస్తాయి. అంతకు వేల ఏళ్ళ ముందునుంచే అక్కడ విరాడ్జురి జనం బతుకుతున్నారు. వాళ్ళకు న్యూ సౌత్ వేల్సూ లేదు, విక్టోరియా లేదు.

1851లో విక్టోరియా వేరుపడింది. అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు గట్టు ఎవరిదని తగువొస్తుంది కదా. ఇక్కడ ఏరు మొత్తం న్యూ సౌత్ వేల్స్‌కే పోయింది, దక్షిణపు ఒడ్డు పైఅంచు దాకా! వొడోంగా మనిషి గట్టు దిగి నీళ్ళలో కాలు పెడితే పొరుగు రాష్ట్రంలో పెట్టినట్టే. ఇదేం హాస్యం కాదు. ఈ నది మీదే ఇంకోచోట, విక్టోరియా వైపు నీటి అంచున చేపలు పట్టుకుంటున్న మనిషిని గట్టు మీదినుంచి ఒకడు కాల్చి చంపాడు. నేరం ఏ రాష్ట్రంలో జరిగిందన్న ప్రశ్న హైకోర్టు దాకా పోయింది (అక్కడ అన్నిటికంటే పెద్ద కోర్టు పేరే అది). న్యూ సౌత్ వేల్స్‌లో జరిగినట్టేనని 1980లో తీర్పొచ్చింది.

ఇక రైలు పట్టాల సంగతి. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి. 1850ల్లో అందరూ ఒకే కొలత వేద్దామనుకున్నారు. న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్న ఐర్లండు ఇంజినీరు 5 అడుగుల 3 అంగుళాలన్నాడు, సరేనన్నారు. ఆయన ఉద్యోగం వదిలిపోయాడు. తర్వాత వచ్చిన స్కాట్లండు ఇంజినీరు 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలన్నాడు, దానికీ సరేనన్నారు. ఈలోగా విక్టోరియావాళ్ళు మొదటి కొలతకే బండ్లు ఆర్డరిచ్చేశారు. విక్టోరియా రైలు 1873లో వొడోంగాకు, అవతలి రైలు 1881లో ఆల్బరీకి వచ్చాయి. 1883లో ఏటి మీద వంతెన కట్టి కలిపారు. తీరా చూస్తే ఒకటి 1600 మిల్లీమీటర్లు, ఒకటి 1435. తేడా ఆరున్నర అంగుళాలు, జానెడైనా లేదు.

ఆ జానెడు లేని తేడాకోసం మెల్‌బోర్న్ నుంచి సిడ్నీ పోయే ప్రతి మనిషీ ఆల్బరీలో బండి మారాల్సిందే. 1895లో అటు వెళ్ళిన మార్క్ ట్వేన్ కూడా మారాడు, విసుక్కుని పుస్తకంలో రాశాడు. అక్కడి ప్లాట్‌ఫారం 400 మీటర్లు దాటి పొడవుండడానికి కారణం ఇదే. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం సరుకంతా ఒక వ్యాగన్లోంచి ఇంకో వ్యాగన్లోకి చేతులతో మార్చారు. 1962లో గానీ మెల్‌బోర్న్ దాకా ఒకే కొలత పట్టా పడలేదు. గుంతకల్లులో మీటరుగేజి దిగి, మూట నెత్తిన పెట్టుకుని బ్రాడ్‌గేజికి పరిగెత్తిన కథ మా జేజినాయన ఇప్పటికీ చెబుతాడు. అయితే ఒకటి: మనకు విసుగు పుట్టించిన ఆ మార్పిడి మీదే ఆ స్టేషను కూలీలు బతికారు.

నీళ్ళ దగ్గర మాత్రం వాళ్ళు ముందుగానే కూర్చుని మాట్లాడుకున్నారు. 1914 ఒప్పందం ప్రకారం ఆల్బరీ దగ్గర పారే నీరు ఇద్దరికీ చెరిసగం. ఇద్దరూ తమ వాటాలోంచి దిగువనున్న దక్షిణ ఆస్ట్రేలియాకు ఇవ్వాలి. 1919లో మొదలుపెట్టి 1936లో ముగించిన హ్యూమ్ డ్యామ్ ఊరికి ఎగువనే ఉంది. ఇప్పుడది పట్టే నీరు మన లెక్కలో సుమారు 106 టి.యం.సి. పూడిక పోగా మా తుంగభద్ర పట్టేదీ ఇంచుమించు అంతే! 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకులేదు. అందుకే ఈ అంకె నాకు నోటికొచ్చేసింది.

1973లో ప్రభుత్వాలు ఈ జంట ఊళ్ళను మూడు లక్షల నగరం చేస్తామని రైతుల భూములు కొన్నాయి. జనం అంత రాలేదు. పరిశ్రమలు కొన్ని వచ్చాయి. వొడోంగాలో కుక్కలకూ పిల్లులకూ తిండి తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది. కార్ల గేరుబాక్సుల ఫ్యాక్టరీ మూతపడింది. ఆల్బరీకి ఉత్తరాన, పైన్ కలపతో న్యూస్‌ప్రింటు చేసే మిల్లు 1981లో తెరిచి 2019 డిసెంబరులో మూశారు. పేపరు చదివేవాళ్ళు తగ్గితే చెట్టు నరికేవాడికీ పని తగ్గుతుందని మనకు తట్టదు.

2020 జులై 8న కరోనాకోసం ఆ వంతెన మీద పోలీసులు నిలబడ్డారు. రెండు ఊళ్ళ ఆసుపత్రులూ 2009 నుంచి ఒకే యాజమాన్యం కింద ఉన్నాయి. నర్సమ్మ ఇల్లు ఒక ఒడ్డున, డ్యూటీ ఇంకో ఒడ్డున. పర్మిట్ చూపించి దాటాల్సివచ్చింది. 138 రోజులకు గానీ, నవంబరు 23న గానీ దారి తెరవలేదు.

ఇది చదువుతుంటే నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె ఊరు కర్ణాటకలో, మా పొలానికి ఏడు కిలోమీటర్లు. అదే ఏడు ఏప్రిల్లో ఆమె పోయింది. కబురందగానే నాయన సైకిలు మోటారు తీశాడు. చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. ఆ గేటుకు అవతల వాళ్ళ ఊరి వేపచెట్లు కనిపిస్తాయి. పొద్దుగూకేదాకా వాటిని చూస్తూ నిలబడి, నాయన ఇంటికొచ్చి బావి దగ్గర తలస్నానం చేశాడు.