దారి మరలు సౌరతుపానులు

కృష్ణాడెల్టా వాసులకు గాలివాన యననేమో చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనయు, 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనయు మరపునకు వచ్చునవి కావు. సముద్రమున వాయుగుండము పుట్టెనని తెలిసినంతనే మనవారడుగు మొదటి ప్రశ్న 'అది ఎటు తిరుగును?' అనునదియే. సూర్యునినుండి వెలువడు తుపానుల విషయమునను శాస్త్రజ్ఞుల ప్రశ్న అదియే.

సూర్యుని వాతావరణమునుండి అప్పుడప్పుడు శతకోటి టన్నుల ఆవేశిత వాయురాశి అయస్కాంతక్షేత్రముతో గూడి యెగసిపోవుచుండును. అది బాణమువలె తిన్నగా పోవునని తలపరాదు. చుట్టునున్న అయస్కాంతబలము ఒక దిక్కున హెచ్చుగా నుండినచో, గట్టిగట్టునకు తాకి మెత్తని దరివైపునకు మరలు ఏటివరదవలె, బలము తక్కువైన దిక్కునకు ఒరగును. ఈ మరలుట ముఖ్యముగా సూర్యుని సమీపముననే జరుగును. పిమ్మట త్రోవలో సౌరపవనము కూడ దానిని కొంత ప్రక్కకు నెట్టగలదు.

2014 జనవరి 7వ తేదీన సూర్యబింబ మధ్యమునకు చేరువనుండి సెకనుకు 2,000 కిలోమీటర్లకు మించిన వేగముతో ఒక తుపాను వెలువడెను. అది భూమిని గట్టిగా తాకునని హెచ్చరికలు వెడలెను. కాని చెంతనున్న ప్రబలమగు అయస్కాంతక్షేత్రము దానిని సుమారు 37 డిగ్రీలు ప్రక్కకు త్రిప్పినది. భూమిపై చెప్పదగిన అలజడి యేమియు కలుగలేదు.

తప్పినది మేలేగదా యని యూరకుండరాదు. రాని తుపానునకు పలుమారు దండోరా వేసినచో, వచ్చునాడు లేచువారుండరు. 1989 మార్చి 13వ తేదీన కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున సుమారు 60 లక్షల జనులు తొమ్మిది గంటలు విద్యుత్తు లేక చీకటి ననుభవించిరి. మనము భూమధ్యరేఖకు దగ్గరివారమగుటచే విద్యుత్తంత్రులకు భయము తక్కువ. ఉపగ్రహముల కట్టి రక్షణ లేదు. 2022 ఫిబ్రవరిలో ఒక సామాన్యమగు సౌరతుపానుచే పైవాతావరణ ముబ్బి, అంతకుముందే ప్రయోగింపబడిన 49 ఉపగ్రహములలో 30కి పైగా నశించినవి. మన రేవులకు గాలివాన హెచ్చరిక నిచ్చునవియు ఉపగ్రహములే యని రైతులును, బెస్తలును ఎరుగుదురు.

ఈ విద్యతో మన సీమకు పాతపరిచయము గలదు. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమున ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెన్ గుంటూరునుండియు, మదరాసు నక్షత్రశాలాధికారి పోగ్సన్ బందరునుండియు సూర్యుని అంచున నెగయు జ్వాలలను పరీక్షించిరి. అవి వాయుమయములని జాన్సెన్ గ్రహించెను. ఆనాడు యంత్రములు పరులవి. నేల మాత్రమే మనది. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోటనుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6వ తేదీన భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన నెలవు చేరెను. తుపాను దారి మరలు ఆ తొలి ఆమడలనే అందలి దూరదర్శిని పరీక్షింపగలదు.

యంత్రము మనదైనంతమాత్రమున చాలదు. ఒక్క గట్టుననుండి చూచువానికి వరద పోకడ యంతయు తెలియదు. సూర్యుని పలు దిక్కులనుండి చూచు సాధనములును, వాని లెక్కలను పఠింపగల యువకులును మనకు కావలయును. మన విశ్వవిద్యాలయము లీ విద్యకు చోటిచ్చి, హెచ్చరికలు తెనుగున ప్రజలకందునట్లు ప్రభుత్వము వారు పూనుకొందురుగాక యని మేము కోరుచున్నాము.