సున్నా వేయాలా, ఖాళీగా వదలాలా?



"మా వాడికి చదువు అబ్బదు అయ్యగారూ, పనిలో పెట్టేస్తాను" అని ఒక తండ్రి ఫిబ్రవరి నెలాఖరున మా దగ్గరకు వచ్చారు. ఆయన అలా అనుకొనుటకు కారణము మేమే. సాయంకాలపు బడి పిల్లలకు నెలకొక లెక్కల పరీక్ష పెట్టి, మార్కులు కంప్యూటరులో ఎక్కించి, ఆ కాగితము ఇంటికి పంపుతున్నాము. అందులో ఆ అబ్బాయి సగటు 20కి 7 కూడా లేదు.

ఇటువంటి పట్టికను స్ప్రెడ్‌షీట్ అంటారు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇద్దరు అమెరికావారు తెచ్చిన విసికాల్క్‌తో ఇది చిన్న కంప్యూటర్లలోనికి వచ్చింది. నేడు ఎక్సెల్ సెల్‌ఫోనులో కూడా పనిచేస్తుంది. ఒక్కొక్క విద్యార్థికి ఒక అడ్డు వరుస, ఒక్కొక్క నెలకు ఒక నిలువు వరుస. సగటు అదే కడుతుంది. కోరితే మార్కులను గీతగా గీసి చూపిస్తుంది.

ఆ రాత్రి అబ్బాయి వరుసను మరల చూశాము. సెప్టెంబరు 8, అక్టోబరు 9, నవంబరు 0, డిసెంబరు 0, జనవరి 11, ఫిబ్రవరి 12. ఆ రెండు నెలలు వాడు తల్లితో పత్తి తీయడానికి వెళ్లాడు, పరీక్షే వ్రాయలేదు. మేము సున్నా వేశాము. మొత్తము 40ని ఆరుతో భాగించగా సగటు 6.7 వచ్చింది.

సున్నాలు తీసివేసి ఆ గడులు ఖాళీగా వదిలాము. ఎక్సెల్ సగటు కట్టునప్పుడు సున్నాను లెక్కలోనికి తీసుకుంటుంది, ఖాళీ గడిని తీసుకోదు. సగటు 10 అయింది. గీత నడుమ తెగినా, 8 నుండి 12కు పైకే పోయింది. అన్ని పరీక్షలూ ఒకే పాటి కష్టముతో పెట్టాము గనుక ఆ గీతను నమ్మవచ్చు. ఒక నెల తేలికగా, ఒక నెల కఠినముగా పెడితే గీత మోసము చేస్తుంది.

మరునాడు ఆ కాగితముతో వారి ఇంటికి వెళ్లి, తప్పు మాదేనని ఒప్పుకున్నాము. ఆయనకు చదువు రాదు. గీతను వేలితో తడిమి, "అయితే వాడు ఎక్కుతున్నాడా అయ్యగారూ?" అన్నారు. అబ్బాయి బడి మానలేదు.

మార్కుల కాగితము ఇంటికి వచ్చినప్పుడు ప్రక్కింటి పిల్లవాని వరుస వెదకకండి. మీ బిడ్డ వరుసనే మొదటి నెల నుండి చివరి నెల వరకు చూడండి. సున్నా కనబడితే, వ్రాసి తప్పాడా, అసలు రాలేకపోయాడా అని అడగండి. వ్రాసి తప్పితే బిడ్డకు నేర్పుదాము. రాలేకపోతే, ఎందుకు రాలేకపోయాడో పెద్దవారమైన మనము ఆలోచించుకుందాము.