మనసుకు కాపలా: మురాఖబా

నమాజుకు నిలబడి చేతులు కట్టుకుంటాం. ఫాతిహా పూర్తయ్యేలోపే మనసు దుకాణం లెక్కల్లోకో, పిల్లల ఫీజుల్లోకో, గల్ఫ్‌లో ఉన్న కొడుకు దగ్గరికో వెళ్లిపోతుంది. సలాం చెప్పేసరికి ఎన్ని రకాతులు చదివామో అనుమానం వస్తుంది. ఇది మనందరికీ తెలిసిన విషయమే. మనసు తిరుగుబోతు. దాన్ని తిట్టి లాభం లేదు, మళ్లీ పిలవడం నేర్చుకోవాలి.

ఈ పనినే ఇప్పుడు 'మైండ్‌ఫుల్‌నెస్' పేరుతో ఆస్పత్రుల్లో నేర్పుతున్నారు. బౌద్ధ ధ్యానం ఆధారంగా జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో దీన్ని మొదలుపెట్టారు. ఇందులో మనసును ఖాళీ చేయమని చెప్పరు. శ్వాసను గమనిస్తూ ఉండాలి. మనసు పక్కకు పోయిందని తెలియగానే విసుక్కోకుండా వెనక్కి తేవాలి. అంతే.

మన సంప్రదాయంలో దీనికి దగ్గరగా ఉన్నది మురాఖబా. ఆ మాటకు కనిపెట్టి ఉండడం అని అర్థం. అల్లాహ్ మనల్ని చూస్తున్నాడన్న ఎరుకతో మన ఆలోచనలను మనం కనిపెట్టుకోవడమే మురాఖబా. ఇమామ్ గజాలీ (1058–1111) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లోని 40 భాగాల్లో ఒకదాన్ని దీనికీ, ఆత్మపరిశీలన అయిన ముహాసబాకూ కేటాయించారు. శ్వాస సాధనలో మనసు ఊపిరి దగ్గరికి తిరిగి వస్తే, ఇక్కడ ప్రభువు స్మరణ దగ్గరికి తిరిగి వస్తుంది.

ఇందుకు కొత్తగా సమయం వెతుక్కోనక్కర లేదు. రోజుకు 17 ఫర్జ్ రకాతులు, వాటిలో 34 సజ్దాలు ఉన్నాయి. ప్రతి సజ్దాలో నుదురు నేలకు తాకిన స్పర్శను గమనించి, ఆ తర్వాతే తస్బీహ్ మొదలుపెడదాం. వుజూలో నీళ్ల చల్లదనాన్ని గమనిద్దాం. నమాజు తర్వాత సుబ్హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34 సార్లు వేలి కణుపులపై నిదానంగా లెక్కిద్దాం. మధ్యలో మనసు తప్పిపోతే దిగులు వద్దు. తప్పిపోయిందని తెలుసుకున్న ఆ క్షణమే సాధన. కోపం వస్తే, నిలబడి ఉన్నవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. ఆవేశానికీ చేతకూ మధ్య కాస్త వ్యవధి ఇవ్వడమే అందులోని మేలు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. దిగులుతో కుంగిపోయిన వారిని "నీ ఈమాన్ బలహీనం, నమాజు సరిగా చదువు" అని గద్దించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. అబూ జైద్ అల్-బల్ఖీ (850–934) వెయ్యేళ్లకు పైగా క్రితమే శరీరానికి లాగే మనసుకూ జబ్బులు వస్తాయని రాశారు. కారణం తెలిసిన దుఃఖాన్ని, కారణం తెలియని దుఃఖాన్ని వేరు చేసి చూపారు. అత్యవసరానికి ఇంట్లో మందులు ఉంచుకున్నట్టే, ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే మేలైన ఆలోచనలను మనసులో దాచుకోమన్నారు. జిక్ర్ అటువంటి నిల్వ. జబ్బు ముదిరినప్పుడు అది వైద్యానికి తోడు, వైద్యానికి బదులు కాదు. నిద్ర, ఆకలి పోయినా, బతకాలనిపించకపోయినా డాక్టరును కలవాలి. ప్రభుత్వ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీరిచ్చే సదఖాతో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. దానితోపాటు కుంగిన సోదరుడి మాట, సోదరి మాట తొందరపడకుండా వినే పది నిమిషాలు కూడా ఇద్దాం. నిమ్మళించిన మనసే అలా వినగలదు. అల్లాహ్ మనందరి హృదయాలకు నెమ్మది ప్రసాదించుగాక. ఆమీన్.