దేహమున వ్రాసిన లేఖలు: శాన్ జాతుల స్మృతియు నేటి నృత్యమును

1871వ సంవత్సరమున, కేప్‌టౌన్ శివారులోని మౌబ్రే యందు నివసించుచున్న విల్హెల్మ్ బ్లీక్ అను జర్మను భాషావేత్త యింటికి ఒక ఖైదీ వచ్చి చేరెను. అతని పేరు కాబో. ఆ మాటకు ‘కల’ అని అర్థము. పశువుల దొంగతనము నేరముగా మోపబడి, ఓడరేవు అడ్డకట్ట పనికి పంపబడిన ఖామ్ తెగవారిలో అతడొకడు. బ్లీకును, ఆయన భార్య తోబుట్టువైన లూసీ లాయిడును ఆ ఖైదీల నోట విన్న కథలను, పాటలను, నమ్మకములను ఖామ్ భాషలోనే వ్రాసికొని, ప్రక్కన ఇంగ్లీషు అర్థమును చేర్చిరి. 1875లో బ్లీకు మరణించిన పిదప లాయిడ్ ఆ పనిని విడువక సాగించెను. సుమారు పండ్రెండు వేల పుటలైన ఆ సంపుటములలో కొంత భాగమే 1911లో అచ్చుపడినది. ఖామ్ భాష నేడు మాటలాడువారు లేరు. ఆ భాష మనకు మిగిలినది ఆ పుటలలోనే.

దక్షిణాఫ్రికా నర్తకులు ఈ పుటల దగ్గరకు మరల మరల ఎందుకు పోవుచున్నారో తెలియవలెనన్న కాబో చెప్పిన ఒక విషయమును గమనింపవలెను. తన జనులకు లేఖలు శరీరములోనే ఉన్నవనియు, అవి కదలి, మాటలాడి, దేహమును కదిలించుననియు అతడు చెప్పెను. జింక సమీపించుచున్నపుడు వేటగాని పాదములలో దాని అడుగుల సవ్వడి తెలియును. దాని ముఖము మీది నల్లని చార తన ముఖము మీద పాకినట్లుండును. తండ్రి వచ్చుచున్నచో, తండ్రి దేహమున పాత గాయమున్న చోటనే కొడుకు దేహమున అదురు పుట్టును. వంశమనగా పేర్ల జాబితా కాదు, మరియొకరి గాయము తన ఒంట పలుకుట అని దీని తాత్పర్యము. నాట్యమును గురించి ఇంతకంటె సూటియైన మాటను శాస్త్రగ్రంథములలోను వెదకి తేవలసి యుండును.

శాన్ అను పేరును గురించి ఒక మాట. ఇది ఆ జనులు తమకు తాము పెట్టుకొన్న పేరు కాదు. పొరుగువారైన ఖోయ్ఖోయ్ ప్రజలు పెట్టినది. తెల్లవారు పెట్టిన ‘బుష్‌మన్’ అనునది అంతకంటె అవమానకరము. నిజమునకు ఇది ఒక జాతి కాదు, పెక్కు భాషల పెక్కు తెగలు. ఆ భాషలలో నాలుకతో కొట్టు ధ్వనులు హల్లులుగా నిలచును. ఎద్దును అదిలించునపుడో, జాలిపడినపుడో మన నోట వచ్చు చప్పుడు అక్కడ మాటలో అక్షరము. తెలుగు లిపిలో దానికి గుర్తు లేదు. కాబో పేరు ముందున్న ధ్వని ఇక్కడ జారిపోయినది.

కలహారీ ప్రాంతపు తెగలలో, ముఖ్యముగా జుహోయాన్సీ జనులలో, చికిత్సా నృత్యము నేటికిని కలదు. రాత్రివేళ స్త్రీలు నిప్పు చుట్టును కూర్చుండి చప్పట్లతో పాడుదురు. పురుషులు పిక్కలకు ఎండిన పట్టుగూళ్ల గలగలలు కట్టుకొని, వారి చుట్టును త్రొక్కుచు తిరుగగా ఇసుకలో గాడి పడును. ‘నుమ్’ అను శక్తి వెన్నెముక మొదట మరిగి పైకి లేచునని వారి విశ్వాసము. ఆ స్థితిని పొందినవాడు రోగులపైనను, అరోగులపైనను చేతులుంచి వ్యాధిని లాగివేయును. మనవారికి ఇచట కుండలిని స్ఫురించుట సహజమే గాని, ఆ పోలికతో తృప్తిపడినచో ఆ నృత్యములోని ముఖ్యాంశము తప్పిపోవును: అది ఒకరి సాధన కాదు, ఊరందరి పని. చూచుటకు వచ్చినవారు అందుండరు. దక్షిణాఫ్రికా కొండగుహలలోని చిత్రములలో ముందుకు వంగిన మనుష్యులను, ముక్కున రక్తము కారు రూపములను డేవిడ్ లూయిస్-విలియమ్స్ ఈ నృత్యముతోనే అన్వయించెను. అన్ని చిత్రములకును ఆ ఒక్క తాళపుచెవియే చాలునా అని వాదించువారును కలరు.

చూచువారు లేని నృత్యమును టిక్కెట్టు కొన్నవారి యెదుట ఎట్లు నిలుపుట? నేటి నృత్యకర్తల చిక్కు ఇదియే. దీని వెనుక మరియొక చరిత్ర కలదు. 1774లో వలసరైతుల సాయుధ దళములు ఉత్తర సరిహద్దు ప్రాంతములలో శాన్ జనులను వేటాడి, వందల మందిని చంపి, పిల్లలను చాకిరికి పట్టుకొనిపోయెను. తరువాతి కాలమున మిగిలినవారి శరీరములు వింతవస్తువులైనవి. 1907 నుండి జేమ్స్ డ్రూరీ అను శిల్పి మ్యూజియము కొరకు సజీవులైన శాన్ జనుల దేహములకు ప్లాస్టరు అచ్చులు తీసెను. ఆ అచ్చుల బొమ్మలతో కూర్చిన దృశ్యము కేప్‌టౌన్ మ్యూజియములో 2001 వరకు పిల్లలకు చూపబడెను. ఖోయ్ఖోయ్ స్త్రీయైన సారా బార్ట్‌మన్ 1810లో లండనుకు కొనిపోబడి, ప్రదర్శింపబడి, 1815లో పారిస్‌లో మరణించెను. ఆమె అస్థులు స్వదేశమునకు వచ్చినది 2002లో.

సదుద్దేశము మాత్రమే చాలదనుటకు 1996 నాటి ‘మిస్‌కాస్ట్’ ప్రదర్శనము ఉదాహరణము. పిప్పా స్కాట్నెస్ ఆ అచ్చుల క్రౌర్యమును బయటపెట్టుటకే దానిని ఏర్పరచెను. కాని నేలపై పరచిన చిత్రములను త్రొక్కుచు నడువవలసివచ్చిన వంశజులు, తమ పూర్వులను మరల అవమానించినారని బాధపడిరి. ఖండించుటకు చూపినను, చూపుట చూపుటయే.

కదలక నిలచి చూడబడుటకు అచ్చుగా మారిన దేహమును కదిలించుటయే నృత్యము చేయగల పని. నెలిసివే క్సాబా బార్ట్‌మన్ కథను ఆడునపుడు ఆమె దేహమును అనుకరింపదు. చూచువారి చూపునే ఇతివృత్తముగా చేయును. మాగ్నెట్ థియేటరును, జాజార్ట్ నృత్యబృందమును కలిసి, మార్క్ ఫ్లైష్‌మన్ నిర్దేశకత్వమున, ఆల్ఫ్రెడ్ హింకెల్ నృత్యకల్పనతో, ‘మృతుని అడుగుజాడలలో వాన’ అను ప్రదర్శనమును ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో రూపొందించిరి. బ్లీక్-లాయిడ్ పుటలే దానికి ఆధారము. మనిషి మరణించినపుడు అతని గాలియే వీచి, అతని అడుగుజాడలను చెరిపివేయునని ఖామ్ జనుల నమ్మకము. ఖైదీ చెప్పగా, పరభాషీయులు విని, ఇంగ్లీషులోనికి తెచ్చిన కథ నర్తకుని చేతికి వచ్చునప్పటికి మూడు చేతులు మారినది. అనువాదములో నష్టపోవునది ముఖ్యముగా శ్వాస, తూనిక, విరామము. ఆ మూడును నర్తకుని చేతిలోనివే. కనుక నర్తకుడు అక్కడ అనువాదకుని కంటె ఒక మెట్టు ముందున్నాడనవచ్చును. దారి తప్పుటకు అవకాశమును అంతే ఎక్కువ.

ఆ దేహములు ఎవరివి అను ప్రశ్న మిగులును. 1950 నాటి జనాభా నమోదు చట్టము ఖోయ్, శాన్ సంతతివారిలో పెక్కుమందిని ‘కలర్డ్’ అను ఒక్క గాటన కట్టివేసెను. తాతల భాష పోయి, ఇంట ఆఫ్రికాన్స్ నిలచెను. తన పూర్వులెవరో ఎరుగని యువకునికి శాన్ అనునది వేషమా, వారసత్వమా? శాన్ సంఘములు 2017లో పరిశోధకులకు నియమావళి నేర్పరచి, గౌరవమును, నిజాయితీని, న్యాయమును కోరినవి. కళాకారులకును అది వర్తింపవలెననుట అత్యాశ కాదు. హింకెల్ జాన్ లిండెనుతో కలసి నమాక్వాలాండులోని ఓకీప్ అను రాగిగనుల ఊరిలో గరాజ్ నృత్యబృందమును స్థాపించుట ఈ ప్రశ్నకు ఒక ఆచరణాత్మక సమాధానము. రాజధానీ నగరపు రంగస్థలమునకు ఎడారి కథను తెచ్చుటకు మారుగా, ఆ ఎడారి పిల్లలకే నృత్యశిక్షణ లభించినది.

ఇంతకును ఆ ప్రాంతమున పాత నృత్యము పూర్తిగా చావలేదు. ‘రీల్’ అను ఆటను పొలముల కూలివారు నిప్పు చుట్టును ఆడుచుండిరి. జంతువుల నడకలను అనుకరించుట, ఆడుమగల సరసము, దుమ్ము లేచునట్లు పాదముల వడి దాని లక్షణములు. 2006 నుండి దానికి పోటీలు జరుగుచున్నవి. వుప్పర్తాల్ గ్రామపు ‘నువె గ్రాస్కౌ ట్రాపర్స్’ బృందము 2015లో లాస్ ఏంజెలెస్ పోటీలకు పోయి బహుమానములతో తిరిగివచ్చెను. దానిని చేర్చుటకు నృత్యచరిత్రకారులకు ఇంకను సరియైన అధ్యాయము దొరకలేదు. జానపదమనిన చిన్నదగును, ఆధునికమనిన అబద్ధమగును.