మీకు తెలుసా? గోగు కుళ్ళులోనూ, గోగు నారలోనూ కరిగేది పెక్టినే

• శిలీంధ్రానికి నోరు లేదు. తినబోయేదాన్ని బయటే ఎంజైములతో కరిగించి, ఆ రసాన్ని పీల్చుకుంటుంది. మొక్క కణకవచంలో సెల్యులోజ్ పోగులు, వాటిని అల్లుకున్న హెమీసెల్యులోజ్, కణానికీ కణానికీ మధ్య అతుకుగా పెక్టిన్ ఉంటాయి. ఒక్కోదానికి వేరే ఎంజైమ్ కావాలి.

• 1886లోనే జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ, కుళ్ళిన మొక్క రసం మంచి కణజాలాన్ని కూడా మెత్తబరుస్తుందనీ, ఆ రసాన్ని మరిగిస్తే ఆ గుణం పోతుందనీ చూపారు. వేడికి చెడేది ఎంజైమే.

• శ్రీకాకుళం, విజయనగరం రైతుకు ఈ ఎంజైములు శత్రువులే కాదు, పనివాళ్ళు కూడా. గోగు కట్టలను రెండు మూడు వారాలు చెరువులో ఊరబెడితే నీటిలోని బాక్టీరియా, కొంతవరకు శిలీంధ్రాలు పెక్టిన్‌ను కరిగించి పోగులను విడదీస్తాయి. సెల్యులోజ్ జోలికి అంతగా పోవు కాబట్టి నార నిలుస్తుంది. ఎక్కువ రోజులు వదిలేస్తే మాత్రం నార బలం తగ్గిపోతుంది. నెల్లిమర్ల లాంటి ఊళ్ళలో జూట్ మిల్లులు వెలిసిన ఈ ప్రాంతంలో నార నాణ్యత చెరువులోనే తేలుతుంది. అదే పెక్టిన్ పొలంలో, బతికున్న మొక్కలో కరిగితే అది తెగులు. గోగుకు మొదలు కుళ్ళు తెచ్చే ఫైటోఫ్తొరా చేసేది ఇదే: కాండం మొదలు నల్లబడి, మొక్క వాడి ఒరిగిపోతుంది. ఫైటోఫ్తొరా అచ్చమైన శిలీంధ్రం కాదు. దాని సొంత కవచంలోనూ సెల్యులోజ్ ఉంది! ఈ ప్రాంతంలోని ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు పంట మీద పనిచేస్తోంది.

• చోడి, వరి గడ్డిజాతి పంటలు. వాటి కవచంలో పెక్టిన్ తక్కువ, జైలాన్ అనే హెమీసెల్యులోజ్ ఎక్కువ. అందుకే అగ్గి తెగులు శిలీంధ్రం జైలాన్‌ను కోసే ఎంజైములను దండిగా వదులుతుంది. అంతకుముందు ఆకు పైపొరను ఒత్తిడితోనే చీలుస్తుంది. వరి అగ్గి తెగులు శిలీంధ్రంలో లెక్కగట్టిన ఆ ఒత్తిడి సుమారు 80 అట్మాస్ఫియర్లు, కారు టైరులోని గాలి ఒత్తిడికి ముప్పై రెట్లకు పైనే. చోడిలో ఈ తెగులు ఆకునూ, మెడనూ, వెన్ను వేళ్ళనూ వదలదు.

• మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. విరిగిన పెక్టిన్ ముక్కలనే ప్రమాద సూచనగా గుర్తించి రక్షణ మొదలుపెడుతుంది. శిలీంధ్రపు పెక్టిన్ ఎంజైమ్‌ను పట్టి ఆపే ప్రోటీన్లు కూడా కొన్ని మొక్కల్లో ఉన్నాయి. బీన్స్‌లో వాటిని బాగా పరిశీలించారు.

• ఎంజైముల దెబ్బ శిలీంధ్రాలకూ తగులుతుంది. వరిలో పాము పొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా శిలీంధ్రం కవచం కైటిన్ అనే పదార్థంతో గట్టిపడి ఉంటుంది. ట్రైకోడెర్మా అనే మరో శిలీంధ్రం కైటినేజ్ అనే ఎంజైమ్‌తో ఆ కవచాన్నే కరిగిస్తుంది. రైతులు పశువుల ఎరువులో కలిపి పొలంలో చల్లే పొడి ఈ ట్రైకోడెర్మాదే.